ఆఖరున వచ్చేవాళ్ల కోసం ఉంచిన మజ్జిగ

జులై 7, ద్వాదశి. పాత నగరం

ఇంటి పెద్ద పోయిన ఏడాదంతా కొండ ఎక్కకూడదని ఉత్తరాంధ్ర ఇళ్లలో గట్టి పట్టింపు. తాతయ్య సంవత్సరీకం జ్యేష్ఠంలో అయిపోయింది. ఆషాఢ పున్నమి ముందురోజు సింహాచలం గిరి ప్రదక్షిణ. ఆ రాత్రి మాధవధార దగ్గర ఆయన వేసే మజ్జిగ పందిరి ఒక్క ఏడే ఆగింది, మళ్లీ వేయాలి. అందుకని కొడుకులూ కూతుళ్లూ మనవలూ తలో ఊరి నుంచీ విశాఖపట్నం చేరారు. పందిరికి ముందు ఆయన తిరిగిన చోట్లన్నీ ఒకసారి చూసి రావాలన్నది అత్త కోరిక.

వన్ టౌన్ సందుల్లోకి ఆటో తీసుకెళ్లమని అడగకపోవడం మంచిది. కురుపాం మార్కెట్ దగ్గర దిగి నడిస్తేనే త్వరగా చేరతారు. బురుజుపేట కనకమహాలక్ష్మి అమ్మవారికి గర్భగుడి పైకప్పు లేదు. ఎండా వానా అమ్మవారి మీదే పడతాయి. ఎవరి పూజ వాళ్లు చేసుకోవచ్చు, పాలూ పసుపునీళ్లూ ఎవరి చేత్తో వాళ్లు పోసుకోవచ్చు. కులం అడగరు. తాతయ్య గురువారాలు ఇక్కడికి వచ్చేవాడు. మార్గశిర గురువారాల్లో మాత్రం ఇసుక వేస్తే రాలని జనం, అప్పుడు ముసలివాళ్లు తెల్లవారుజామునే రావాలి. మామూలు రోజుల్లో పసుపు, కుంకుమ, కొబ్బరికాయ, అరలీటరు పాలు చాలు. పాలు ఇంటి నుంచి కాచకుండా తెచ్చుకోవాలి. పూజ అయ్యాక గుడి ముందు నేల పాలూ నూనే కలిసి జారుతుంది, పెద్దవాళ్ల చెయ్యి వదలకూడదు.

అక్కడి నుంచి రాస్ హిల్ దగ్గరే. హార్బరు ముఖద్వారానికి ఎదురుగా ఉన్న గుట్టల మీద మేరీమాత చర్చి, ఇషాక్ మదీనా దర్గా, వెంకటేశ్వరస్వామి గుడి పక్కపక్కనే ఉన్నాయి. చర్చి మెట్ల మీద నుంచి చూస్తే అటు డాల్ఫిన్ నోస్ కొండ, మధ్యలో ఓడలు లోపలికొచ్చే కాలువ. ఈ రేవులోకి మొదటి ఓడ ‘జలదుర్గ’ వచ్చింది 1933 అక్టోబరు 7న. తాతయ్య పుట్టిందీ ఆ ఏడాదే. భీమిలి దగ్గరి పల్లె నుంచి ఇరవై ఏళ్ల వయసులో వచ్చి పోర్టులో టాలీ క్లర్కుగా చేరాడు.

టాలీ పని తెలియనివాళ్లకు రెండు మాటలు. క్రేను ఒక్కో ఎత్తుకు ఎన్ని బస్తాలు దించిందో ఓడ తరఫున ఒకరు, రేవు తరఫున ఒకరు లెక్క రాస్తారు. నాలుగు నిలువు గీతలు, అయిదోది అడ్డగీత. షిఫ్టు చివర రెండు పుస్తకాలూ పక్కన పెట్టి సరిచూస్తారు. తేడా వచ్చిందంటే సాధారణంగా భోజనాల వేళకు అటూ ఇటూ వచ్చి ఉంటుంది, ఎందుకంటే మనిషి మారేది అప్పుడే. వెళ్లేవాడు కాగితం మీద సంతకం పెట్టి, వచ్చేవాడికి చివరి అడ్డగీత వేలితో చూపించి మరీ వెళ్లాలి. తాతయ్య ఇంట్లోనూ ఈ పద్ధతే పెట్టాడు. మామ్మకు పక్షవాతం వచ్చి మంచాన పడినప్పుడు గోడకు ఒక అట్ట కట్టాడు. రెండు గంటలకోసారి పక్కకు తిప్పాలి, తిప్పినప్పుడల్లా గీత గీయాలి. ఎడమ వైపు, వెల్లకిలా, కుడి వైపు, మళ్లీ వెల్లకిలా. పిక్కల కింద పల్చటి దిండు పెట్టి మడమలు పరుపుకు ఆనకుండా గాల్లో ఉంచేవాడు, ముందుగా పుండు పడేది అక్కడా నడుం కింద ఎముక దగ్గరా కాబట్టి. రాత్రి వంతు ఎప్పుడూ ఆయనదే. అలా ఆరేళ్లు. మామ్మ ఒంటి మీద ఒక్క పుండు పడలేదు. సింహాచలం స్వామి సింహాద్రి అప్పన్న మీద ఆయనకున్న భక్తి ఎంతటిదని అడిగితే ఆ అట్టే చూపించాలనిపిస్తుంది.

మధ్యాహ్నం కోటవీధిలో అత్త ఇంట్లో భోజనం. ఆవపెట్టిన అరటికాయ కూర, పప్పుచారు, గుమ్మడి వడియాలు. తాతయ్యకు ఈ కూర ప్రాణం. ఆవాలూ ఎండుమిర్చీ కాస్త ఉప్పునీళ్లతో మెత్తగా నూరి, కూర దించేసి వేడి తగ్గాకే కలపాలి. పొయ్యి మీదుండగా వేస్తే ఘాటు పోయి చేదెక్కుతుంది. అత్త ఈ వేళకూ ఆయన విస్తరి పెట్టే మూలన ఎవర్నీ కూర్చోనివ్వలేదు.

జులై 8, త్రయోదశి. కేజీహెచ్, పూర్ణా మార్కెట్

తెల్లవారి ఆరు గంటలకు కింగ్ జార్జ్ ఆసుపత్రి బయట. 1923 నాటి ఆసుపత్రి ఇది. శ్రీకాకుళం, విజయనగరం, మన్యం పల్లెల నుంచే కాదు, ఒడిశా నుంచీ ఛత్తీస్‌గఢ్ నుంచీ రోగులు ఇక్కడికొస్తారు. రోగికి లోపల భోజనం ఉంటుంది. వెంట వచ్చిన మనిషి రాత్రంతా చెట్టు కిందో, అరుగు మీదో పడుకుని పొద్దున్నే టీతో కడుపు నింపుకుంటాడు. తాతయ్య రిటైరయ్యాక పెట్టుకున్న మొదటి పని వీళ్లకు చోడి (రాగి) అంబలి.

ఆయన కొలత ఇది. చోడి పిండి ఒక కిలో ముందురోజు సాయంత్రం రెండు లీటర్ల నీళ్లలో కలిపి మూతపెట్టి ఉంచాలి, రాత్రికి సన్నగా పులుస్తుంది. తెల్లవారుజామున మూడున్నరకు ఎనిమిది లీటర్ల నీళ్లు మరగనిచ్చి, అరకిలో బియ్యపు నూకలు వేసి, అవి ఉడికాక పిండి నీళ్లు సన్నధారగా పోస్తూ కలపాలి. ధార ఆపి ఆపి పోస్తే ఉండలు కడుతుంది. అడుగంటితే ఆ వాసన మొత్తానికీ పడుతుంది, అందుకే కర్రతెడ్డు అడుగు తగిలేలా తిప్పాలి. పావుగంట ఉడికించి దించేయాలి. మజ్జిగ వేరే క్యానులో తేవాలి. వేడి అంబలిలో పోస్తే విరుగుతుంది. గోరువెచ్చగా అయ్యాక మూడు లీటర్ల మజ్జిగ, ఉప్పు, సన్నగా తరిగిన ఉల్లి. యాభై మందికి సరిపోతుంది. ఇవాళ ఖర్చు లెక్క వేస్తే గ్యాసుతో కలిపి 350 రూపాయలు దాటలేదు.

ఆయన పెట్టిన ఒక నియమం బాబాయి ఇప్పటికీ తప్పడు. రోగికి ఇవ్వడానికని గ్లాసు పట్టుకెళ్తామంటే వద్దంటారు. షుగరున్నవాళ్లు, ఆపరేషన్‌కు ఖాళీ కడుపుతో ఉన్నవాళ్లు లోపలుంటారు. వాళ్లేం తినాలో డాక్టరు చెప్పాలి. వెంట వచ్చినవాళ్లు మాత్రం కడుపునిండా తాగాలి. పలాస దగ్గర్నుంచి వచ్చిన ఒక పెద్దావిడ రెండో గ్లాసు పట్టుకుని, “మా గుంటడికి కాలు ఇరిగిపోనాది బాబూ, మూడ్రోజులై ఇక్కడే ఉన్నాం. తాతగారేరీ, రాలేదేటి?” అంది. లోగడ ఒకసారి వచ్చినప్పుడు ఆయన చేతి అంబలి తాగిందట. ఆయన లేరని బాబాయి చెబితే గ్లాసు కింద పెట్టేసి చేతులు జోడించింది.

హుద్‌హుద్ తుపాను 2014 అక్టోబరు 12న ఊరి మీద పడ్డప్పుడు కరెంటు లేదు, మోటార్లు లేవు, పాల ప్యాకెట్లు దొరకలేదు. ఎనభై దాటిన మనిషి వీధిలో ఉన్న పాత చేతిపంపుకు తోలు వాషరు మార్చి, వరసలో నిలబెట్టి ఇంటికి రెండు బిందెలు పట్టించాడు. బాలింతలున్న ఇళ్లకు మూడు. ఆ వారం అంబలిలో మజ్జిగ బదులు నిమ్మరసం పిండారు కానీ అంబలి ఆగలేదు.

తర్వాత పూర్ణా మార్కెట్. రేపటి సరుకు ఇక్కడే. అల్లం ముప్పావు కిలో, పచ్చిమిర్చి పావు కిలో, కరివేపాకు నాలుగు కట్టలు, నిమ్మాకు దొరికినంత, అనకాపల్లి బెల్లం అయిదు కిలోలు, అరటిపళ్లు. అరటిపళ్లు పండినవి కొనకూడదు. ఆషాఢం ఉక్కకు ఒక్క రాత్రిలో నల్లబడి కారిపోతాయి, పసుపు తిరుగుతున్నవి తీసుకోవాలి. పెరుగు నలభై కిలోలు పాలబూతులో ముందే చెప్పి పెట్టారు, కిలో 70 చొప్పున. దుకాణాల్లో బేరం చేయబోతే ఒక పెద్దాయన చేతిసంచీ చూసి, “అప్పన్న పందిరికా? మరేటి, అల్లం డబ్బులు వద్దు, పట్టుకెళ్లండి” అన్నాడు. పుణ్యంలో వాటా అడిగే పద్ధతి ఈ ఊళ్లో ఇలాగే ఉంటుంది, కాదనకూడదు.

జులై 9, చతుర్దశి. తొలిపావంచా నుంచి మాధవధార

సింహాచలం కొండ చుట్టూ 32 కిలోమీటర్లు. అడవివరం వైపు కొండ మొదటి మెట్టు తొలిపావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టి నడక మొదలెడతారు. మధ్యాహ్నం స్వామి పుష్పరథం కదిలాక జనం గట్టిగా కలుస్తారు. ఎండ భయమున్నవాళ్లు అంతకు ముందే బయల్దేరిపోతారు. కాయ ఆ పూట అక్కడ 40 రూపాయలు చెప్పారు, మార్కెట్ నుంచి తెచ్చుకుంటే నయం.

చాలామంది కాళ్లకు దెబ్బ తగిలేది మొదటి వంద గజాల్లోనే. కొట్టిన కాయల చిప్పలు రోడ్డు మీదికి దొర్లుతాయి, చెప్పుల్లేని కాలికి వాటి అంచు కత్తే. కాయ కొట్టగానే పక్కకు తప్పుకుని, చిప్పలు లేని వైపు నుంచి కదలాలి. తాతయ్య యవ్వనం నుంచీ వట్టి కాళ్లతోనే నడిచాడు, డెబ్భై ఎనిమిదో ఏట దాకా. కానీ షుగరున్న కొడుకును మాత్రం గుడ్డ బూట్లు వేయించి నడిపించాడు. స్పర్శ తగ్గిన పాదానికి గాయమైనా తెలియదు. మొక్కు అప్పన్నదైతే పాదమూ ఆయనిచ్చిందే కదా అనేవాడు.

అడవివరం దాటాక ముడసర్లోవ. రెండు పక్కలా పచ్చదనం, నడకలో హాయైన భాగం ఇదే. అందుకే ఇక్కడ వేగం పెంచేస్తారు, ఆ పాపం రాత్రికి మోకాళ్లలో తెలుస్తుంది. హనుమంతవాక దగ్గర హైవే దాటి విశాలాక్షి నగర్, జోడుగుళ్లపాలెం మీదుగా సముద్రం వైపు దిగుడు. అప్పుఘర్ దగ్గర సముద్రస్నానం. పుణ్యం మాట ఎలా ఉన్నా పాదాలకు గండం ఇక్కడే మొదలు. తడిసి నానిన చర్మం మెత్తబడుతుంది, వేళ్ల సందుల్లో ఇసుక, పైన ఉప్పు. అలాగే నడిస్తే ఎంవీపీ కాలనీ దాటేలోపు బొబ్బలు. స్నానం కాగానే మంచినీళ్లతో కాళ్లు కడిగి, వేళ్ల మధ్య పొడిగుడ్డతో తుడిచి, పూర్తిగా ఆరాకే కొబ్బరినూనె రాయాలి. తడి మీద నూనె రాస్తే తడి లోపలే ఉండిపోతుంది. నడుముకు ఒక పొడి తువ్వాలు చుట్టుకుని రావాలని తాతయ్య అందరికీ చెప్పేది ఇందుకే.

ఎంవీపీ, వెంకోజీపాలెం, ఇసుకతోట. ఇక్కడ దారి తప్పేవాళ్లు ఎక్కువ. హైవే మీద ముందువాళ్ల వెనకే తిన్నగా పోతే మద్దిలపాలెం, గురుద్వారా మీదుగా ఎన్ఏడీ కూడలి చేరిపోతారు. ప్రదక్షిణ దారి అది కాదు. హెచ్‌బీ కాలనీ వైపు తిరిగి, సీతమ్మధార, కైలాసపురం మీదుగా మాధవధార రావాలి. విజయనగరం నుంచి వచ్చిన ఒక కుటుంబం మద్దిలపాలెం దాకా వెళ్లి వెనక్కొచ్చారు, చంకలో పిల్లాడితో. మలుపు దగ్గర బాబాయి ఒక కుర్రాణ్ణి టార్చిలైటుతో నిలబెట్టాడు, పని చాలా తేలికైంది.

మాధవధార దగ్గర పందిరి. తాతయ్య ఈ చోటు ఎంచుకోవడానికి కారణముంది. దారిలో మూడింట రెండొంతులు అప్పటికి అయిపోతుంది, ఉత్సాహం తగ్గుతుంది, ఇల్లు దగ్గరున్నవాళ్లు మానేద్దామా అనుకునేదీ ఇక్కడే. కొండ వాలు నుంచి వచ్చే ధార, మాధవస్వామి గుడి ఉన్నాయి కాబట్టి కూర్చునే జాగా కూడా ఉంటుంది.

మజ్జిగ ఒకేసారి కలిపి పెట్టకూడదు. ఉక్కపోతలో కలిపిన మజ్జిగ మూడు నాలుగు గంటలకే పులుపెక్కుతుంది. పెరుగు క్యాన్లు ఐసు మధ్య ఉంచి, 25 లీటర్ల చొప్పున ఎప్పటికప్పుడు కలపాలి. అయిదు కిలోల పెరుగు, ఇరవై లీటర్ల నీళ్ల టిన్ను ఒకటి, ఉప్పు 125 గ్రాములు. అల్లం, మిర్చి నూరి గుడ్డలో వడగట్టిన రసమే పోయాలి. మిర్చి తొక్క గొంతుకు అడ్డం పడితే అలసిన మనిషికి పొలమారుతుంది. కరివేపాకు, నిమ్మాకు నలిపి వేయాలి. ఐసు క్యాన్ల చుట్టూ ఉండాలే తప్ప మజ్జిగలో వేయకూడదు, ఏ నీళ్లతో గడ్డకట్టిందో తెలియదు. నలభై కిలోల పెరుగుకు రెండువందల లీటర్లు, వెయ్యి గ్లాసులు. ఒక టిన్నుకు పసుపు గుడ్డ కట్టి ఉంటుంది, అది ఉప్పు వేయనిది, బీపీ ఉన్నవాళ్లకు.

గ్లాసుల బుట్టలు పందిరి దగ్గర పెడితే లాభం లేదు. ఎవరూ నిలబడి తాగరు, తాగుతూ నడుస్తారు. గ్లాసు ఖాళీ అయ్యేది ముప్పై నలభై అడుగుల తర్వాత. గోనెసంచులు అక్కడ కట్టాలి. ఇది కనిపెట్టడానికి తాతయ్య ఒక రాత్రంతా పడిపోయిన గ్లాసులు ఎక్కడున్నాయో చూశాడని పోర్టులో ఆయనతో పనిచేసిన పెద్దాయన చెప్పాడు. ఈ పెద్దాయన ప్రతి శుక్రవారం దర్గాకు వెళ్లే మనిషి. ఏటా పందిరికి ఐసు తెచ్చేది ఆయన ఇంటి నుంచే. ఈసారి కొడుకు చేత మోయించుకుని తెచ్చాడు.

పులిహోర, చక్రపొంగలి పంచే పందిళ్లు దారి పొడవునా ఉంటాయి. ఇక్కడ మాత్రం అరటిపండు, బెల్లం ముక్క, మజ్జిగ. రాత్రి పూట పులుపూ నూనే తిని నడిస్తే గుండెలో మంట, దాహం. మరీ సొమ్మసిల్లినవాళ్లకు ఓఆర్ఎస్. లీటరు ప్యాకెట్ మొత్తం లీటరు నీళ్లకు కలపాలి. చిన్న సీసాలో చిక్కగా కలిపిస్తే మేలుకన్నా కీడు. కుర్రాళ్లు తొందరలో చేసే తప్పు ఇదే కాబట్టి లీటరు సీసాలే ఇచ్చారు. బొబ్బలు లేచినవాళ్లకు కడిగి తుడిచి శుభ్రమైన గుడ్డ కట్టారు, చిదపలేదు.

పదింటి నుంచి పన్నెండున్నర దాకా మజ్జిగ వంచే చెయ్యి ఆగలేదు. “మజ్జిగ తాగీసి ఎల్లండమ్మా”, “కూకోండి తాతా, కంగారేటి” అని అత్త గొంతు బొంగురుపోయింది. ఒంటిగంట దాటాక గుంపులు పల్చబడ్డాయి. చుట్టుపక్కల పందిళ్లలో గిన్నెలు కడిగే చప్పుడు మొదలైంది. తాతయ్య పందిరి అసలు పని అప్పుడే. ముందు వచ్చేవాళ్లు కుర్రాళ్లు, వాళ్లకు పది చోట్ల అందుతుంది. రెండు గంటల తర్వాత వచ్చేవాళ్లు అరవై దాటినవాళ్లు, కాళ్లు ఈడ్చేవాళ్లు, చంటిపిల్లల తల్లులు. వాళ్లు వచ్చేసరికి దారంతా ఖాళీ గిన్నెలు. అందుకని నలభై కిలోల పెరుగులో పది కిలోలు ఒంటిగంట దాకా మూత తీయకూడదన్నది ఆయన శాసనం. ముందు జనం ఎంత అడిగినా సరే.

మూడుంపావుకు నర్సీపట్నం వైపు నుంచి భార్యాభర్తలు వచ్చారు. ఇద్దరికీ డెబ్భై ఉంటాయి. ఆయన చేతికర్ర మీద, ఆవిడ ఆయన భుజం మీద. ఉప్పు లేని మజ్జిగ రెండేసి గ్లాసులు తాగి, అరగంట కాళ్లు చాపుకుని కూర్చున్నారు. ఆయన లేస్తూ, “ఇక్కడొక ముసలాయన ఉండీవోరు, మా ఆవిడ కాళ్లకి నూని రాసీవోరు” అన్నాడు. బాబాయి మాట్లాడకుండా వంగి ఆవిడ పాదాలు తుడిచి నూనె రాశాడు. తర్వాత మలుపు దాకా తోడు వెళ్లి వచ్చాడు. అయిదింటికి పందిరి దించారు.

జులై 10, పున్నమి. కొండపైన

మురళీనగర్, ఎన్ఏడీ, గోపాలపట్నం, ప్రహ్లాదపురం మీదుగా మిగిలిన నడక. గోశాల దగ్గర మొక్కుబడికి ఇచ్చిన కోడెదూడలు కనిపిస్తాయి. తొలిపావంచాకు తిరిగి చేరితే చుట్టు పూర్తి. మెట్లు ఎక్కగలిగినవాళ్లు ఎక్కారు, మిగతావాళ్లు బస్సు. 32 కిలోమీటర్లు నడవలేనివాళ్లు ఈ పూట గుడి చుట్టూ ప్రదక్షిణ చేస్తారు. తాతయ్య ఆఖరి ఏళ్లు అలాగే చేశాడు, గోడ పట్టుకుని.

వరాహ లక్ష్మీనరసింహస్వామి ఏడాదంతా చందనపు పూతలోనే ఉంటాడు. నిజరూపం అక్షయ తృతీయ నాడు మాత్రమే. ఆ రాత్రి మూడు మణుగుల చందనం పూస్తారు. వైశాఖ, జ్యేష్ఠ, ఆషాఢ పున్నములకు మరో మూడేసి. ఈ పున్నమిది నాలుగో విడత, దీంతో పన్నెండు మణుగులు నిండుతాయి. రిటైరయ్యాక తాతయ్య ఈ నాలుగు రోజులు కొండ మీదే గడిపేవాడు. కప్పస్తంభం కౌగిలించుకోవడానికి ఇవాళ వరస చాలా పొడవు. అత్త మాత్రం నిలబడింది. అయిదుగురు పిల్లల్లో ఆఖరిది ఈ స్తంభానికి మొక్కుకుంటే పుట్టిందని మామ్మ చెప్పేది, ఆ ఆఖరిది అత్తే.

ప్రసాదం పులిహోర వేడిగా ఉన్నప్పుడే తినేయాలి, సంచీలో మూసిపెట్టి ఊళ్లకు తీసుకెళ్తే చెమ్మకు పాడవుతుంది. ఊరికి లడ్డూ తీసుకెళ్లండి.

జులై 11, పాడ్యమి. కోటవీధి

గంగాళాలు చింతపండుతో తోమి, ఎండలో బోర్లించి, లెక్క చూశారు. గంగాళాల అంచున మామ్మ పేరు చుక్కలతో చెక్కి ఉంటుంది, ఆ పేరు మీదే పందిరి జమాఖర్చు రాస్తారు. మొత్తం ఖర్చు 6,400. ఆఖరుకు పెట్టిన పది కిలోల పెరుగు నాలుగున్నరకే అయిపోయింది. చివరి అరగంటలో వచ్చినవాళ్లకు బెల్లం, నీళ్లే దొరికాయి. వచ్చే ఆషాఢానికి నలభై ఆరు కిలోలు చెప్పాలని, అందులో పదహారు మూత తీయకూడదని బాబాయి రాసి కింద సంతకం పెట్టాడు. టార్చి పట్టుకున్న కుర్రాడి చేత రెండో సంతకం పెట్టించాడు.